బీటెక్ పాసయ్యారు, ఆఫర్ లేదు: మొదటి ఏడాది ఏం చేయాలి?

ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చి, ఆఫర్ రాకపోతే అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది మీ పాసవుట్ సంవత్సరం. ఫ్రెషర్ల డ్రైవ్‌కు వచ్చే నోటిఫికేషన్‌లో మొదటి షరతు దాదాపు ఎప్పుడూ అదే: ఫలానా బ్యాచ్ వాళ్లే అప్లై చేయాలి. సాధారణంగా ఆ ఏడాది బ్యాచ్‌ను, మహా అయితే దాని ముందరి బ్యాచ్‌ను పిలుస్తారు. మూడో ఏడు వచ్చేసరికి మీకు అనుభవమూ ఉండదు, ఫ్రెషర్ అన్న అర్హతా పోతుంది. నేను గుంటూరు జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్లు చూస్తాను. తెలివి చాలక ఆగిపోయిన పిల్లలు నాకు తక్కువే కనిపించారు. "ఇంకొంచెం ప్రిపేరై అప్లై చేస్తాను మేడమ్" అంటూ ఆ రెండేళ్లూ గడిపేసిన వాళ్లే ఎక్కువ. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మార్కెట్ ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్తాను. 2021-22లో టీసీఎస్ ఒక్కటే లక్ష మంది ఫ్రెషర్లను తీసుకుంది, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకుంది. రెండేళ్లు తిరిగేసరికి, 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింట్లో కలిపి ఉద్యోగుల సంఖ్య దాదాపు 64 వేలు తగ్గింది. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తొలగిస్తున్నట్టు ప్రకటించింది. ఫ్రెషర్ జీతం మాత్రం పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఉండిపోయింది. కాబట్టి 2021లో చేరిన మీ అన్నయ్యో, పక్కింటి అక్కో "మాకు ఒక్క రౌండ్‌లో అయిపోయింది" అంటే అది నిజమే, కానీ ఆ లెక్క ఇప్పుడు నడవదు. అప్పట్లో కొత్తవాళ్లకు ఇచ్చే టెస్ట్ కేసులు రాయడం, చిన్న బగ్గులు సరిచేయడం లాంటి పనుల్లో చాలా భాగం ఇప్పుడు ఏఐ టూల్స్‌తో అయిపోతోంది. అందుకే ఇంటర్వ్యూలో "ఈ కోడ్ ఇలా ఎందుకు రాశావు?" అని లోతుగా అడుగుతున్నారు.

ఎలై లిల్లీ, ఆమ్‌జెన్, మెక్‌డొనాల్డ్స్ 2025లో హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులు తెరిచాయని పేపర్లో చదివి తల్లిదండ్రులు నాకు ఫోన్ చేస్తుంటారు. ఇలాంటి సెంటర్లు ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. రెండు మూడేళ్లు ఒకచోట పనిచేశాక అటు వెళ్లొచ్చు, మొదటి ఉద్యోగానికి వాటినే నమ్ముకోవద్దు.

ముందు కాగితాలు సరిచేసుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ జాయినింగ్ దగ్గర టెన్షన్ పెట్టేది ఇదే. మన దగ్గర టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉంటాయి. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. టెన్త్ మెమోలో ఉన్నట్టే ఆధార్, పాన్ మార్పించుకోండి. ఆఫర్ వచ్చాక మొదలుపెడితే టైం చాలదు. బ్యాక్‌లాగ్ ఒక్కటి మిగిలినా అప్లికేషన్ ఫారం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, సప్లిమెంటరీ ఫీజు గడువు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం అడుగుతాయి. మీకు ఒకదాంట్లో తక్కువుంటే దిగులు పడి కూర్చోకుండా, ఆ షరతు పెట్టని చిన్న కంపెనీల జాబితా వేరేగా రాసుకోండి.

పరీక్షకు చదివేటప్పుడు పైమెట్టు మీద కన్నేయండి. టీసీఎస్ ఫ్రెషర్లకు పెట్టే ఎన్‌క్యూటీలో ఒకే పరీక్ష రాసిన వాళ్లలో మార్కులను బట్టి కొందరు నింజాకు, కొందరు డిజిటల్‌కు, కొందరు ప్రైమ్‌కు వెళ్తారు. ఇవి ఒకదానికంటే ఒకటి పైనుండే ఉద్యోగ స్థాయిలు. నింజాకూ డిజిటల్‌కూ జీతంలో తేడా దాదాపు రెట్టింపు. ఆ తేడా తెచ్చేది చివర వచ్చే కోడింగ్ ప్రశ్నలు. మా పిల్లలు ఆప్టిట్యూడ్ నెలల తరబడి చదివి, కోడింగ్ చివరి వారానికి వదిలేస్తారు. పైథాన్ కానీ జావా కానీ ఒక్క భాష పట్టుకుని అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్ మ్యాపులు రోజూ చేయండి. నాలుగు భాషలు పైపైన నేర్చుకుని రెజ్యూమెలో వరసగా రాస్తే, ఇంటర్వ్యూలో నాలుగింటి మీదా అడుగుతారు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది కమ్యూనికేషన్ రౌండ్‌లో. అక్కడ చాలాసార్లు మనిషి ఎదురుగా ఉండడు. కంప్యూటర్ ఒక వాక్యం వినిపిస్తుంది, దాన్ని మీరు తిరిగి చెప్పాలి. స్క్రీన్ మీది పేరా పైకి చదవాలి. దీనికి స్టైలు అక్కర్లేదు, స్పష్టత చాలు. రోజూ ఇంగ్లిష్ పేపర్లోంచి ఒక పేరా పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసి, మీరే వినండి. ఎక్కడ మింగేస్తున్నారో మీకే తెలుస్తుంది.

రెజ్యూమె ఒక పేజీ దాటొద్దు

నా దగ్గరికి వచ్చే రెజ్యూమెల్లో ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్ అనే ప్రాజెక్టు ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కే లేదు. అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టు అని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు పేరు చూడగానే అర్థమైపోతుంది. "ఇందులో నువ్వు రాసిన భాగం చూపించు" అంటే అక్కడితో ముగుస్తుంది. దాని బదులు మీ ఇంటి చుట్టూ ఉన్న ఒక నిజమైన అవసరం తీసుకోండి. మా స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ల నాన్నగారి ఎరువుల కొట్టులో రైతుల అరువు ఖాతాల కోసం చిన్న వెబ్ అప్లికేషన్ చేసింది. పంట డబ్బు వచ్చినప్పుడు రైతు విడతలుగా కడితే వడ్డీ ఎలా లెక్కేయాలి, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు రైతులుంటే ఎలా వేరు చేయాలి, ఇవన్నీ తనే ఆలోచించింది. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దాని గురించే మాట్లాడారు, ఉద్యోగం వచ్చింది. గుంటూరు మిర్చి యార్డు ధరలను రోజువారీ గ్రాఫ్‌గా చూపించినా అంతే విలువ. చాట్‌జీపీటీ సాయం తీసుకోండి, తప్పు లేదు. కానీ ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలగాలి. గిట్‌హబ్‌లో పెట్టి, లింకు రెజ్యూమె పైభాగంలోనే ఇవ్వండి.

అప్లై చేసే పద్ధతి గురించి ఒక్క మాట. లింక్‌డిన్‌లో, నౌకరీలో బటన్ నొక్కుతూ పోతే ఫలితం తక్కువ. కంపెనీ కెరీర్స్ పేజీలో జాబ్ ఐడీ వెతికి, అక్కడ పనిచేసే మన కాలేజీ సీనియర్‌ను రెఫరల్ అడగండి. "అన్నా, ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా?" అని మెసేజ్ పెడితే ఎవరూ జవాబివ్వరు, ఎందుకంటే వెతికే పని మొత్తం వాళ్ల మీద పడుతుంది. ఇలా పెట్టండి: "అన్నా, నేను మన కాలేజీ 2025 సీఎస్ఈ. మీ కంపెనీలో ఈ జాబ్ ఐడీకి నా అర్హతలు సరిపోతున్నాయి. రెజ్యూమె జతచేశాను, వీలైతే రిఫర్ చేయగలరా?" వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతకుమించి వద్దు. ఎక్కడ, ఏ తేదీన అప్లై చేశారో ఒక షీట్‌లో రాసుకోండి.

డబ్బు కట్టి ఉద్యోగం కొనొద్దు

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్తాను. "మేడమ్, రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఇప్పిస్తామంటున్నారు, కట్టమంటారా?" అని అడిగే తండ్రుల గొంతులో ఆశ వింటే నాకు బాధేస్తుంది. వద్దండీ. జీతమిచ్చి పని చేయించుకునే కంపెనీ మీ దగ్గర డబ్బు తీసుకోదు. లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, సెక్యూరిటీ అని ఏ పేరు పెట్టినా అంతే. మెయిల్ ఐడీలో కంపెనీ డొమైన్ ఉందో లేదో చూడండి, జీమెయిల్ నుంచి వచ్చిన ఆఫర్ లెటర్‌ను నమ్మొద్దు.

ఇంకా ప్రమాదమైంది ఫేక్ ఎక్స్‌పీరియన్స్. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు చేసిస్తామంటారు. పీఎఫ్‌లో మీ యూఏఎన్ (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబర్) కింద ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అనేది సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. ఏ నెల ఎంత జమైందో పాస్‌బుక్‌లో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మొదట చూసేవి ఇవే. "పీఎఫ్ కూడా మేమే కడతాం" అనే కన్సల్టెన్సీలు ఉన్నాయి, అయితే అలాంటి డొల్ల కంపెనీల పేర్లు పెద్ద కంపెనీల దగ్గర జాబితాగా ఉంటాయి. చేరిన ఆర్నెల్లకు బయటపడినా ఆ రోజే పంపించేస్తారు. ఆ తర్వాత మీరు నిజంగా ఫ్రెషర్ అని చెప్పుకున్నా నమ్మేవాళ్లు ఉండరు.

ఖాళీగా ఉన్నామన్న భయంతోనే చాలామంది ఈ దారి పడతారు. ఆ ఖాళీని నిజాయితీగా నింపే దారి అప్రెంటిస్‌షిప్. కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీడీఎల్, మిధాని లాంటి ప్రభుత్వ సంస్థలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. పర్మనెంట్ చేస్తారన్న హామీ లేదు, కానీ చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ అసలైన అనుభవం. మెకానికల్, ఈఈఈ, ఈసీఈ పిల్లలకు ఇది నా మొదటి సలహా. ఏడాది ఉద్యోగానుభవం వచ్చాక దీనికి అర్హత పోతుంది, అందుకే ముందే చూసుకోండి.

ఎంఎస్ గురించి తొందరపడొద్దని మాత్రం చెప్తాను. 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్‌1బీ (అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. చదువు మీద ఇష్టంతో వెళ్తే వెళ్లండి, ఇక్కడ ఆఫర్ రాలేదని పొలం తాకట్టు పెట్టి వెళ్లొద్దు.

ఆఫర్ వచ్చిన రోజు

లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే మిమ్మల్ని తీసుకోవాలనుకుంటున్నామని చెప్పే ఉత్తరం, ఆఫర్ లెటర్ కాదు. జాయినింగ్ తేదీ లేకుండా నెలల తరబడి ఎదురుచూసిన పిల్లలు చాలామంది ఉన్నారు. తేదీ వచ్చేదాకా అప్లై చేయడం ఆపకండి. సీటీసీలో, అంటే మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చులో, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వేరియబుల్ అన్నీ కలిపి చూపిస్తారు. చేతికి నెలకు ఎంత వస్తుందో హెచ్‌ఆర్‌ను నేరుగా అడగండి, అది తప్పు కాదు. బాండ్ ఉంటే ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేది సంతకానికి ముందే చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇచ్చేసి రావద్దు. తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఆ ఆఫర్ వదిలేయండి. మొదటి నెల జీతం పడగానే యూఏఎన్ యాక్టివేట్ చేసుకుని, పేస్లిప్ డౌన్‌లోడ్ చేసి మీ సొంత మెయిల్‌లో దాచుకోండి, తర్వాతి కంపెనీ అడిగేది ముందు అవే.