ఫ్రేముల షాపుకు నమ్మకమైన గ్లాసు డీలర్‌ను ఎలా ఎంచుకోవాలి?

తిరుపతిలో పటాలు కట్టే షాపుకు పని కరువుండదు. స్వామివారి పటాలు ఎలాగూ ఉంటాయి. పెళ్లి ఫోటోలు, పెద్దవాళ్ల ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలు, తంజావూరు పటాలు కూడా ఫ్రేముల కోసం వస్తూనే ఉంటాయి. కొత్తగా షాపు పెట్టేవాళ్లు బీడింగు (ఫ్రేము కట్టే పట్టీ) డిజైన్లు ఏరుకోవడానికి చాలా సమయం పెడతారు. గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఎవరు తక్కువ చెప్తే వాళ్ల దగ్గర తీసుకుందాంలే' అనుకుంటారు. కానీ కస్టమరు తన ఫోటోను ఏళ్ల తరబడి చూసేది ఆ గ్లాసులోంచే. అందులో అలలాంటి వంకర ఉన్నా, మరక ఉన్నా మాట పడేది డీలరు కాదు, మీరే. కాబట్టి రేటు చివర్లో అడగండి. అంతకుముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

1. ముందు మీ అవసరం కాగితం మీద పెట్టండి

మీరు ఎక్కువగా కట్టబోయే సైజులు ఏవి? వారానికి ఒక్కోటి సుమారుగా ఎన్ని? ఈ రెండూ రాసుకుంటే సగం పని అయినట్టే. మామూలు ఫోటో ఫ్రేములకు 2 ఎం.ఎం. గ్లాసు సరిపోతుంది. 18 అంగుళాలకు 24 అంగుళాలు దాటితే 3 ఎం.ఎం. వైపు వెళ్లడం మంచిది. ఇంకా పెద్ద పటాలకు 4 ఎం.ఎం. వేస్తే గట్టిగానే ఉంటుంది కానీ బరువు చూసుకోవాలి. 2 అడుగులకు 3 అడుగుల పటంలో 4 ఎం.ఎం. గ్లాసే ఐదున్నర కిలోలు తూగుతుంది. దానికి ఫ్రేము, వెనక బోర్డు కలిపితే గోడకు కొట్టిన మేకు, ఫ్రేము మూలలు రెండూ ఆ బరువు మోయాలి. అలాంటి చోట యాక్రిలిక్ షీటు గురించి ఆలోచించండి. అదే మందంలో గ్లాసు కంటే సగం బరువే ఉంటుంది, కింద పడినా ముక్కలై గుచ్చుకోదు. త్వరగా గీతలు పడటం దాని లోపం. చార్‌కోల్, పాస్టెల్ బొమ్మలకు దాన్ని అసలు వాడకండి. దానికి పుట్టే స్థిర విద్యుత్తు ఆ పొడి రంగును పైకి లాగేస్తుంది.

షీటు నుంచి ముక్కలు ఎన్ని వస్తాయో కూడా ముందే గీసి చూసుకోండి. 4 అడుగులకు 6 అడుగుల షీటు అనుకుందాం. 12 అంగుళాలకు 18 అంగుళాల ముక్కలైతే 16 వస్తాయి, వేస్టు ఉండదు. 16కు 20 ముక్కలైతే 9 వచ్చి, 12 అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి మిగులుతుంది. ఆ పట్టీలో 12కు 16 ముక్కలు మూడు తీయవచ్చు. ఈ లెక్క చేతిలో ఉంటే ఏ సైజు షీటు అడగాలో మీకే తెలుస్తుంది.

2. ఎక్కడెక్కడ అడగాలి?

ఊళ్లో ఉన్న గ్లాసు, ప్లైవుడ్ షాపులతో మొదలుపెట్టండి. అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. వాళ్లలో ఎక్కువమంది వ్యాపారం కిటికీలు, పార్టిషన్లు, షాపు ముందు అద్దాల మీద నడుస్తుంది. వాళ్లకు కావాల్సింది 4, 5, 8, 12 ఎం.ఎం. గ్లాసు. 2 ఎం.ఎం. పల్చగా ఉంటుంది, దింపేటప్పుడు ఎక్కువ పగులుతుంది, లాభం తక్కువ. అందుకే చాలామంది దాన్ని అడిగినప్పుడు మాత్రమే తెప్పిస్తారు. మొదటి ప్రశ్న ఇదే కావాలి: 'అన్నా, 2 ఎం.ఎం. మీ దగ్గర ఏడాదంతా స్టాకు ఉంటుందా, ఆర్డరు మీద తెప్పిస్తారా?' 'ఉంటుంది' అంటే 'ఒకసారి చూపిస్తారా' అనండి. చూపించలేకపోతే మీరు వేరే చోట కూడా అడగాలని అర్థం.

రెండో దారి చెన్నై హోల్‌సేల్. తిరుపతికి చెన్నై దగ్గరే, పుత్తూరు, నగరి మీదుగా రోజూ లారీలు తిరుగుతుంటాయి. శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెన్ ఫ్లోట్ గ్లాసు ఫ్యాక్టరీ 2000 నుంచి నడుస్తోంది. కాబట్టి ఈ చుట్టుపక్కల జిల్లాలకు సరుకు చాలా దూరం నుంచి రావాల్సిన పని లేదు. చిత్తూరులో షాపు పెట్టేవాళ్లు వేలూరు డీలర్లను కూడా అడగవచ్చు. గంటలోపు దారి. కాకపోతే హోల్‌సేల్ వాళ్లు విడి షీట్లు ఇవ్వడానికి ఇష్టపడరు, పెట్టె లెక్కన తీసుకోమంటారు. కొత్త షాపుకు మొదట్లోనే పెట్టె దింపుకోవడం డబ్బును గోడకు ఆనించి నిలబెట్టడమే అవుతుంది.

బీడింగు, మౌంటు బోర్డు (ఫోటో చుట్టూ వేసే మందపాటి అట్ట) అమ్మేవాళ్లను కూడా వదలకండి. ఫ్రేముల వాళ్లతోనే రోజూ పని కాబట్టి ఎవరి గ్లాసు బాగుంటుందో వాళ్లకు తెలుసు, కొందరు తామే తెప్పించి ఇస్తారు. మీకు పోటీ కాని ఊళ్లో, అంటే మదనపల్లెలోనో పుత్తూరులోనో చాలాకాలంగా ఫ్రేములు కట్టే పెద్దాయన ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చోండి. గ్లాసు డీలర్ల గురించి ఆయన ఒక పూటలో చెప్పేది ఫోన్‌లో వారం వెతికినా దొరకదు.

3. గోడౌన్ చూడకుండా మాట ఇవ్వకండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. షాపులో కూర్చుని ఎవరైనా మంచి మాటలు చెప్పగలరు. డీలరు సరుకును ఎలా చూసుకుంటాడో గోడౌన్‌లో కనిపిస్తుంది.

షీట్లు నిలువుగా, కొద్దిగా వెనక్కి ఆనించి, చెక్క స్టాండు మీద ఉండాలి. కింద చెక్కో రబ్బరో ఉండాలి. నేరుగా సిమెంటు నేల మీద పెట్టినా, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టినా ఆ సరుకు వద్దు. షీటుకూ షీటుకూ మధ్య కాగితమో పొడో ఉందేమో చూడండి. లేకపోతే లాగిన ప్రతిసారీ గీతలు పడతాయి.

తర్వాత తేమ. ఆనుకుని ఉన్న రెండు షీట్ల మధ్య నీటి తడి చేరి చాలాకాలం ఉండిపోతే, గ్లాసులోని క్షారం బయటికి వచ్చి ఉపరితలాన్ని తినేస్తుంది. మొదట ఇంద్రధనుస్సు రంగుల్లో సన్నని పొరలా, తర్వాత తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. ముదిరాక ఏ లిక్విడ్‌తో తుడిచినా పోదు. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఊళ్లోవాళ్లెవరూ మర్చిపోలేదు. గోడౌన్ పల్లంలో ఉందా, షీట్లు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయి, పైకప్పు కారుతుందా అని మొహమాటపడకుండా అడగండి. వీలైతే వానలు మొదలయ్యాక ఇంకోసారి వెళ్లి చూడండి.

4. శాంపిల్ తెచ్చి పరీక్ష చేయండి

సరిగ్గా ఒక అడుగుకు ఒక అడుగు ముక్క కోయించి తెచ్చుకోండి. వంటింటి తూకం మీద పెడితే నిజమైన 2 ఎం.ఎం. గ్లాసు సుమారు 465 గ్రాములు తూగాలి. 3 ఎం.ఎం. అయితే దాదాపు 700. 2 ఎం.ఎం. అని ఇచ్చింది 420 దగ్గర ఆగితే అది 1.8 ఎం.ఎం. అన్నమాట. 0.1, 0.2 తేడా గ్లాసులో మామూలే, అదేం మోసం కాదు. కానీ పల్చటిది ఎక్కువ పగులుతుంది కాబట్టి ఏం కొంటున్నారో తెలిసి కొనండి. చేతిలో వెర్నియర్ (మందం కొలిచే సాధనం) ఉంటే మూడు నాలుగు చోట్ల కొలవండి.

తర్వాత ముక్కను ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. లైటు ప్రతిబింబం గీత గీసినట్టు నిటారుగా ఉండాలి. పాములా వంకరలు పోతే అల ఉన్నట్టే. ఇప్పుడు వచ్చే ఫ్లోట్ గ్లాసును కరిగిన తగరం మీద తేలనిచ్చి తయారుచేస్తారు కాబట్టి అలలు ఉండకూడదు. తెల్ల కాగితం మీద పెట్టి బుడగలు, గీతలు వెతకండి. అంచు పచ్చగా కనిపిస్తే కంగారు పడకండి. అది గ్లాసులోని ఇనుము వల్ల వచ్చే రంగు, మామూలు గ్లాసుకు ఉండేదే. మన దేశంలో ఫ్లోట్ గ్లాసుకు ఐఎస్ 14900 అనే ప్రమాణం ఉంది. షీటు మీద లేదా పెట్టె మీద ఆ గుర్తు ఉందేమో చూడండి.

చివరగా మీ డైమండ్ కట్టర్‌తోనే కోయండి. ఒక్క గీతకు శుభ్రంగా విడిపోవాలి. అంచులు పెచ్చులూడితే ముందు వేరే చోట కొన్న గ్లాసు మీద అదే కట్టర్ వాడి చూసి, లోపం ఎక్కడుందో తేల్చుకోండి. టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచింది) మాత్రం కోయాలని చూడకండి, మొత్తం పొడిపొడి అవుతుంది. అది కావాలంటే కొలత ఇచ్చి చేయించుకోవడమే.

కలంకారీ, తంజావూరు పటాలు కట్టే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఇంకో ప్రశ్న వేయండి: యూవీ గ్లాసు (వెలుతురులోని అతినీలలోహిత కిరణాలను ఆపేది), నాన్‌గ్లేర్ గ్లాసు (మెరుపు తగ్గించేది) తెప్పించగలరా, ఎన్ని రోజులు పడుతుంది? కలంకారీలో వాడే సహజ రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. మామూలు గ్లాసు ఆ కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది. నాన్‌గ్లేర్ వల్ల వెలుగు ముఖాన కొట్టదు కానీ, ఆ గ్లాసు బొమ్మకు దూరంగా ఉంటే బొమ్మ మసకగా కనిపిస్తుంది. తంజావూరు పటంలో బంగారు రేకు, రాళ్ల పని ఎత్తుగా ఉంటుంది, కలంకారీ గుడ్డకు గ్లాసు తగలకూడదు. అంటే రెండింటికీ మధ్యలో ఖాళీ తప్పదు, అలాంటి చోట నాన్‌గ్లేర్ నప్పదు. ఈ తేడా తెలిసి మాట్లాడే డీలరు దొరికితే వదులుకోకండి.

5. ఇప్పుడు రేటు మాట్లాడండి

చదరపు అడుగు రేటు ఒక్కటే అడిగితే చాలదు. కోసిన ముక్కలు కొనేటప్పుడు కొలతను ఎలా లెక్కేస్తారో అడగాలి. చాలా షాపుల్లో కొలతను పైనున్న 3 అంగుళాల లేదా 6 అంగుళాల మెట్టుకు పెంచి బిల్లు వేస్తారు. 10 అంగుళాలకు 14 అంగుళాల ముక్క నిజానికి ఒక చదరపు అడుగు కూడా లేదు. 3 లెక్కన దాన్ని 12కు 15గా తీసుకుంటే 1.25 చదరపు అడుగులవుతుంది. 6 లెక్కన 12కు 18 అయి 1.5 చదరపు అడుగులవుతుంది. నిజమైన కొలతతో పోలిస్తే సగానికి పైగా అదనం. రేటు రెండు రూపాయలు తక్కువ చెప్పిన షాపే చివరికి ఎక్కువ పడవచ్చు. ఇది ఈ వ్యాపారంలో ఉన్న పద్ధతే, తప్పు పట్టాల్సిన పని లేదు, ముందే తెలుసుకుంటే చాలు. మీ ఐదు ముఖ్యమైన సైజులు రాసిన కాగితం ఇచ్చి, ఒక్కో ముక్క మీ షాపుకు చేరేసరికి ఎంత పడుతుందో రాసిమ్మనండి. కోత కూలి, ఆటో, హమాలీ, జీఎస్టీ అన్నీ అందులో కలపమనండి. ముగ్గురి దగ్గర ఇలా తీసుకుంటే పోల్చి చూడటం సులువు.

6. పగిలితే ఎవరిది?

గ్లాసు పగలకుండా వ్యాపారం జరగదు. అందుకే ఆర్డరు ఇవ్వకముందే ఈ ప్రశ్న అడగాలి. 'పగిలితే మార్చి ఇస్తాం, ఫోటో పంపండి' అని వెంటనే చెప్పే డీలరు ఒక రకం. 'చూద్దాంలే' అనేవాళ్లు ఇంకో రకం. మొదటివాళ్లు రూపాయి ఎక్కువ చెప్పినా నేను వాళ్ల వైపే మొగ్గుతాను. ఒప్పందం చిన్నదైనా వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంచుకోండి: ఎన్ని గంటల్లోపు చెప్పాలి, మరకలకు కూడా వర్తిస్తుందా, మార్చినప్పుడు ఆటో ఖర్చు ఎవరిది.

చెన్నై నుంచి లారీలో తెప్పిస్తే సరుకు పాడైతే నష్టం సరుకు యజమానిదే, లారీ వాళ్లది కాదు అని ట్రాన్స్‌పోర్టు రసీదు మీద అచ్చువేసి ఉండటం మామూలు. సరుకు దిగేటప్పుడు మీరే అక్కడ ఉండండి. డ్రైవర్ ముందే పెట్టె విప్పి, పగిలినవి ఫోటో తీసి, రసీదు మీద రాసి సంతకం తీసుకోండి. చేతులకు గ్లవుజులు, కాళ్లకు బూట్లు లేకుండా ఎవరినీ షీట్లు ఎత్తనివ్వకండి.

7. కాగితాలు

బిల్లు మీద జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. మొదటి రెండు అంకెలు మన ఆంధ్రప్రదేశ్‌కు 37, తమిళనాడుకు 33. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఏ పేరు మీద ఉందో, ఇంకా నడుస్తోందో లేదో కనిపిస్తుంది. తమిళనాడు నుంచి తెస్తే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే జీఎస్టీ) పడుతుంది, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రం) కావాలి. మీరు కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి రేట్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపే చూడండి.

8. చిన్న ఆర్డరుతో మొదలుపెట్టండి

రేట్లు రాసిచ్చిన ముగ్గురిలో మీకు నచ్చిన ఇద్దరికీ చెరొక చిన్న ఆర్డరు ఇవ్వండి. చెప్పిన రోజున వచ్చిందా, కొలతలు సరిపోయాయా, ఫోన్ ఎత్తుతున్నారా అనేది గమనించండి. ఫ్రేము గాడిలో కూర్చోవాలంటే గ్లాసు ఒకటి రెండు ఎం.ఎం. తక్కువ ఉండాలి. ఆ తేడా మీ కొలతలో ముందే తీసేశారా, వాళ్లు తీయాలా అన్నది మొదటి ఆర్డరులోనే స్పష్టంగా చెప్పండి. దీని మీదే ఎక్కువ గొడవలు వస్తాయి.

బాగున్న డీలరుకు ఎక్కువ పని ఇస్తూ, రెండో డీలరుకు కూడా అప్పుడప్పుడు ఆర్డరు ఇస్తుండండి. బ్రహ్మోత్సవాల ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో స్టాకు అయిపోయినప్పుడు, అంతకుముందు ఒక్కసారీ ముఖం చూపించని షాపును ఎవరూ పట్టించుకోరు. మొదటి నెలల్లో నగదు ఇవ్వండి, అప్పు అడగకండి. డబ్బు మాట నిలబెట్టుకుంటారని తెలిశాక వాళ్లే వారం, పదిహేను రోజుల గడువు ఇస్తారు. ఆ గడువును పండగ స్టాకు కోసమే వాడుకోండి. వానలకు ముందు, సెప్టెంబరులోనే ఆ స్టాకు తెచ్చి మీ షాపులో పొడిగా ఉండే చోట నిలబెట్టుకోండి.