షేర్ ఆటో రూటు దగ్గర అద్దె ఇల్లు చూస్తున్నారా?

కర్నూలులో పిల్లలతో అద్దె ఇల్లు వెతికేవాళ్లకు ఒక మాట. రాజ్‌విహార్, సి క్యాంపు లాంటి చోట్లకు షేర్ ఆటోలు తిరిగే రోడ్డు దగ్గరలో ఉంటే చాలా సుఖం, బండి లేకపోయినా పని ఆగదు. కానీ రోడ్డు మీదే వద్దు. హారన్ల మోతకు చంటిపిల్లలు నిద్రపోరు, గేటు తీస్తే ఎదురుగా ఆటోలే. రెండు మూడు సందులు లోపలికి వెళ్లి చూడండి.

ఇల్లు నచ్చినా వెంటనే అడ్వాన్స్ ఇవ్వకండి. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ వెళ్లి, ఆటో దిగిన చోటు నుంచి గేటు దాకా పిల్లల చెయ్యి పట్టుకుని నడవండి. మేము అలా నడిస్తేనే తెలిసింది, మలుపులో వీధిదీపం లేదు, మురుగుకాలువ మీద బండ పగిలి ఉంది. మా పాప కాలు అందులో పడబోయింది. పగలు అది మా కంటపడనే లేదు. పక్క వీధిలో మాత్రం ఆ టైముకు కూడా ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు. అక్కడే తీసుకున్నాం.

ఇంకొకటి. తుంగభద్ర, హంద్రీలకు దగ్గరైతే, 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ వీధిలోని పెద్దవాళ్లను తప్పకుండా అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో కూడా ఓనరును కాదు, వాళ్లనే అడగండి.