పీసీ నుంచి యూనిక్స్ సర్వరు అందనప్పుడు: వైరు నుంచి లాగిన్ దాకా

“సర్వర్ రావట్లేదండి.” వైరు తెగినా, అడ్రసు తప్పినా, ఫైర్‌వాల్ అడ్డుపడినా, పాస్‌వర్డు మరిచిపోయినా ఫోన్లో వినపడేది ఈ మాటే. విశాఖ పోర్టు ఏరియాలో క్లియరింగ్ ఏజెంటు ఆఫీసైనా, ఆటోనగర్‌లో వర్క్‌షాపైనా అమరిక దాదాపు ఒకటే. టేబుళ్ల మీద విండోస్ పీసీలు, మూలగదిలో లైనక్సో పాత యూనిక్సో నడిచే సర్వరు, మధ్యలో వాటి వైర్లన్నీ కలిపే స్విచ్ అనే పెట్టె, పీసీ నుంచి సర్వరులోకి లాగిన్‌ అవడానికి పుట్టీ అనే ప్రోగ్రాం. సర్వరు అడ్రసు 192.168.1.10 అనుకుందాం. కింద తెలుగులో రాసిన కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు రెండు ప్రశ్నలు. అందరికీ రావట్లేదా, ఒక్కరికేనా? స్క్రీన్ మీద పడిన మాట ఏంటి, ఉన్నదున్నట్టుగా? ఒక్క పీసీకే అయితే సర్వరు జోలికి పోవద్దు. చాలామంది చేసే మొదటి పని సర్వరు రీస్టార్ట్ చేయడం. దాంతో పనిచేస్తున్న మిగతా నలుగురి బిల్లులు సగంలో పోతాయి, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

వైరు దగ్గర మొదలుపెట్టండి. ఈ ఊళ్లో అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, సముద్రం పక్కనే ఉంది కాబట్టి. ఉప్పు గాలికి ఆర్‌జే45 కనెక్టర్ (నెట్‌వర్క్ వైరు చివరి ప్లగ్గు) కొనలో ఉన్న పసుపుపచ్చ రేకులకి చిలుము పడుతుంది. చవక కనెక్టర్ల మీద బంగారు పూత మరీ పల్చన, త్వరగా పోతుంది. కనెక్టర్ ఊడదీసి సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. రేకులు మెరవకుండా నల్లగానో పచ్చగానో కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. బ్లేడుతో గీకొద్దు, మిగిలిన పూత కూడా లేచిపోయి పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. కొన కత్తిరించి కొత్తది క్రింప్ చేయండి, అంటే టూల్‌తో నొక్కి బిగించండి. రేకులు పైకి, లాక్ క్లిప్పు అవతలి వైపుకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జతల మెలిక 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదు. పైతొడుగు కనెక్టర్ లోపలి క్లిప్పు కిందికి వెళ్లాలి. వెళ్లకపోతే ఎవరి కాలు తగిలినా సన్నవైర్లే లాగుడు మోస్తాయి.

లైటు వెలుగుతోంది కదా అని వైరుని వదిలేయకండి. గిగాబిట్ నడవాలంటే ఎనిమిది వైర్లూ కావాలి. 100 మెగాబిట్‌కి 1, 2, 3, 6 నంబర్ల వైర్లు చాలు. మిగతా వాటిలో ఒకటి చెడితే లింకు చాలాసార్లు 100కి దిగిపోతుంది, లేదా వస్తూ పోతూ ఉంటుంది. విండోస్‌లో అడాప్టర్ స్టేటస్‌లో వేగం కనిపిస్తుంది, లైనక్స్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్ చెబుతుంది. గిగాబిట్ స్విచ్‌కి తగిలించిన పీసీ 100 అని చూపిస్తే అనుమానం వైరు మీదే. పొడవు 100 మీటర్లు దాటకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ ఎంత చవకగా వచ్చినా వద్దు. పక్క బిల్డింగుకి బయటినుంచి లాగిన రాగి కేబుల్ ఉంటే, ఉరుముల వాన తర్వాత స్విచ్‌లో ఒక్క పోర్టు మాత్రమే చచ్చిపోవడం మామూలే. పోర్టు మార్చి చూడండి. ఆ దారికి ఫైబర్ వేయించడమే మంచిది.

లింకు బాగుంటే అడ్రసు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 169.254తో మొదలైతే పీసీకి ఎవరూ అడ్రసు ఇవ్వలేదు, రూటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ చూడాలి. 192.168.1 వరసలోనే ఉండి మాస్క్ 255.255.255.0 అయితే సర్వరుకి పింగ్ (ఉన్నావా అని అడిగే కమాండ్) కొట్టండి. “డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్” అన్న జవాబు మీ పీసీ అడ్రసు నుంచే వస్తే, ఆ సర్వరు అడ్రసుకి తీగ మీద ఎవరూ పలకలేదని అర్థం. సర్వరు ఆగిపోయిందో, దాని వైరు ఊడిందో చూడండి. సర్వరు నుంచి పీసీకి పింగ్ రాకపోతే మాత్రం కంగారు వద్దు. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగానే దాన్ని అడ్డుకుంటుంది.

విసిగించే జబ్బు ఒకే అడ్రసు ఇద్దరికి ఉండడం. కొత్తగా పెట్టిన సీసీ కెమెరా రికార్డరో ప్రింటరో 192.168.1.10నే పట్టుకుని కూర్చుంటుంది. కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది, ఎవరికి ఎప్పుడు పోతుందో తెలియదు. పట్టుకోవడం తేలికే. అందరితో లాగౌట్ చేయించి సర్వరు నెట్‌వర్క్ వైరు తీసేయండి. పీసీలో అడ్మినిస్ట్రేటర్‌గా ఏఆర్‌పీ పట్టిక (ఏ అడ్రసు ఏ పరికరానిదో పీసీ రాసుకునే జాబితా) తుడిచి మళ్లీ పింగ్ కొట్టండి. వైరు లేని సర్వరు జవాబు చెప్పిందంటే దొంగ దొరికినట్టే. ఏఆర్‌పీ పట్టికలో ఆ అడ్రసు పక్కనున్న మ్యాక్ నంబరును (పరికరానికి తయారీలోనే ఇచ్చే నంబరు) పరికరాల స్టిక్కర్లతో పోల్చి చూడండి.

అంకెలతో పింగ్ వచ్చి పేరుతో రాకపోతే తప్పు పేరుని అడ్రసుగా మార్చే డీఎన్ఎస్‌దో, పీసీలోనే పేర్లూ అడ్రసులూ రాసుండే హోస్ట్స్ ఫైలుదో. ఎప్పుడో రాసి మరిచిపోయిన పాత అడ్రసు ఆ ఫైలులో ఉండిపోతుంది.

పింగ్ బాగుండి లాగిన్ రాకపోతే స్క్రీన్ మీది మాటే సగం వైద్యం. “కనెక్షన్ రిఫ్యూజ్డ్” అంటే మీరు గుమ్మం దాకా వెళ్లారు, లోపల వినేవాడు లేడు. సాధారణంగా లాగిన్‌లు తీసుకునే ఎస్ఎస్‌హెచ్ సర్వీసు ఆగిపోయి ఉంటుంది, లేదా వేరే పోర్టు (ఇక్కడ పోర్టంటే ఒక్కో సర్వీసుకి ఉండే గుమ్మం నంబరు) మీద ఉంటుంది. “టైమ్డ్ అవుట్” అంటే మీ పిలుపుకి ఉలుకూ పలుకూ లేదు. పింగ్ వస్తూ ఇలా అంటే చాలావరకు ఫైర్‌వాలే. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌కి అడ్రసు, పోర్టు 22 ఇచ్చి ఖాయం చేసుకోండి. సర్వరు దగ్గర కూర్చుని ఎస్ఎస్ -ఎల్‌టీఎన్ కొడితే ఏ పోర్టు ఎక్కడ వింటోందో తెలుస్తుంది. 22 ముందు 127.0.0.1 మాత్రమే ఉంటే అది తన మాట తనే వింటోంది, బయటివాళ్లది కాదు. సెట్టింగుల ఫైలు మార్చాక సర్వీసు లేవకపోతే ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ కొట్టండి, తప్పున్న లైను నంబరుతో సహా చెబుతుంది.

పాత యూనిక్సుకి కొత్త క్లయింటు (పీసీలోని లాగిన్ ప్రోగ్రాం) “నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్” అంటే ఎవరూ ఏమీ పాడుచేయలేదు. 2021లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 8.8, సర్వరు తనెవరో రుజువు చేసుకునే పాత ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ సంతకాలను డిఫాల్ట్‌గా ఆపేసింది. క్లయింటు కాన్ఫిగ్‌లో ఆ ఒక్క హోస్టుకే దాన్ని తెరవండి, అన్నిటికీ కాదు.

మధురవాడలో ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకి వేసుకున్న సొంత దారి) మీద లాగిన్ అయ్యి, చిన్న కమాండ్లు నడిచి, పెద్ద లిస్టు రాగానే స్క్రీన్ బిగుసుకుపోతే ఎంటీయూ (ఒక్కసారికి పోగల డేటా మూట పెద్ద కొలత, బైట్లలో) చూడాలి. పింగ్‌కి -ఎఫ్ -ఎల్ 1472 ఇచ్చి కొట్టండి. పోకపోతే పదేసి తగ్గిస్తూ, పోయిన అంకెకి 28 కలపండి. అదే మీ దారి పట్టే కొలత. యూజర్‌నేమ్, పాస్‌వర్డుతో కలిసే పీపీపీఓఈ ఇంటర్నెట్ లైన్లలో మామూలుగా 1464 పోతుంది, అంటే 1492. వీపీఎన్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. అన్ని చోట్లా బిగుసుకుంటే మాత్రం ముందు కంట్రోల్-క్యూ నొక్కండి, ఎవరో సేవ్ అనుకుని స్క్రీన్‌ని ఆపేసే కంట్రోల్-ఎస్ నొక్కి ఉంటారు. భోజనానికి వెళ్లొచ్చేలోగా లాగిన్ తెగిపోతుంటే పుట్టీ కనెక్షన్ పేజీలో కీప్‌అలైవ్ (లైను తెగకుండా పంపే ఖాళీ పలకరింపు) 60 సెకన్లు పెట్టండి. బ్యాక్‌స్పేస్ నొక్కితే వింత గుర్తులు పడితే అదే పుట్టీలో కీబోర్డు పేజీ చూడండి.

సర్వరు కీ (సర్వరుని గుర్తుపట్టే తాళం) మారిందని పుట్టీ హెచ్చరిస్తే చూడకుండా యస్ నొక్కొద్దు. సర్వరుని కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఉంటే సరే, కొత్త కీ వేలిముద్రను (ఫింగర్‌ప్రింట్ అని చూపే అక్షరాల వరస) సర్వరు దగ్గర సరిచూసుకుని ఒప్పుకోండి. అలా ఇన్‌స్టాల్ చేయకపోయి ఉంటే అవతల పలుకుతున్నది మీ సర్వరు కాకపోవచ్చు. పైన చెప్పిన ఆ రికార్డరే కావచ్చు, పాస్‌వర్డు దానికి కొట్టకండి.