భద్రాచలం వెళ్తే రన్నింగ్ షూస్ మర్చిపోకండి

దర్శనానికి వెళ్లినా సరే, షూస్ సంచిలో పడేసుకోండి. తెల్లారకముందే గోదావరి కరకట్ట ఎక్కితే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఊరి డాబాలు. స్నానఘట్టాల దగ్గర తడి బట్టలు పిండే చప్పుడు పైదాకా వినిపిస్తుంది. వంతెన మీదుగా సారపాక వైపు వెళ్లి రావడం కూడా బాగుంటుంది, కానీ లారీల రద్దీ మొదలయ్యేలోపే ముగించాలి. ఇంకా ఓపికుంటే ఎటపాక రోడ్డు పట్టండి. కొద్ది దూరానికే ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడతారు (రెండు రాష్ట్రాల్లో పరిగెత్తామని ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకోవచ్చు).

జులై, ఆగస్టుల్లో మాత్రం ముందు నీటిమట్టం కనుక్కోండి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో 71 అడుగులు దాటింది.