పాత పద్మిని కారులో ఓవర్‌ఛార్జింగ్: ఆల్టర్నేటర్ విప్పే ముందు

చెన్నైలో కత్తిరి ఎండలప్పుడు బ్యాటరీలో నీళ్లు తగ్గితే అందరూ నేరం ఎండ మీదికే తోసేస్తారు. కొంత తగ్గే మాట నిజమే. కానీ వారం వారం డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తోందా, బ్యాటరీ దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా, రేస్ ఇచ్చిన కొద్దీ హెడ్‌లైట్లు తెల్లగా మండి బల్బులు మాడిపోతున్నాయా, అది ఎండ పని కాదు. ఇంజిన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ మోతాదు మించి ఛార్జ్ చేస్తోంది.

నా ప్రీమియర్ పద్మినికి ఛార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపల లేదు. ఇంజిన్ పక్క రేకుకు బిగించిన చిన్న డబ్బా అది. మా పెరంబూరు మెస్త్రీ దాన్ని ఇంకా కటౌట్ అనే అంటాడు. నేను చెప్పేది అలాంటి బండ్ల సంగతి.

ఒక మల్టీమీటర్ చాలు. ముందు దానిలో కొత్త బ్యాటరీ వేయండి. మీటర్ బ్యాటరీ నీరసిస్తే చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, లేని రోగానికి మందు వేస్తూ కూర్చుంటారు. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఛార్జ్ చేసి ఉంచినా 10.5కి పడిపోతుంటే ఒక సెల్ పోయినట్టే, ముందు బ్యాటరీ మార్చండి. తర్వాత స్టార్ట్ చేసి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య నిలబడితే బాగున్నట్టు. రేస్‌తో పాటు 15, 16 అని ఎక్కుతుంటే ఆపేయండి.

ఇక్కడే చాలామంది స్పేర్ పార్టుల బజారు పుదుపేటకు పరుగెత్తి రెగ్యులేటర్ కొంటారు. కొత్తది వేసినా అదే 15.4! ఎందుకంటే ఈ రకం రెగ్యులేటర్ బ్యాటరీని నేరుగా చూడదు. ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజ్ బాక్స్ మీదుగా వచ్చిన తీగ చివర ఎంత ఉందో అదే చూస్తుంది. దారిలో 1.2 వోల్టులు తగ్గాయనుకోండి. తన దగ్గర 14.2 కనిపించేదాకా అది ఛార్జ్ పెంచుతూనే ఉంటుంది, బ్యాటరీకి 15.4 పడుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఇంజిన్ తిరుగుతుండగా మీటర్ ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్‌కు, నల్లది రెగ్యులేటర్‌లో ఇగ్నిషన్ తీగ వచ్చే టెర్మినల్‌కు పెట్టండి. 0.2 వోల్టులు దాటితే నల్ల తీగను ఒక్కో జాయింటు వెనక్కి జరుపుకుంటూ రండి. రీడింగ్ ఎక్కడ చప్పున తగ్గితే దొంగ అక్కడే ఉన్నాడు. సముద్రం గాలికి ఫ్యూజ్ క్లిప్పులు పచ్చగా చిలుము పడతాయి, ఎమరీ పేపర్‌తో రుద్దితే చాలాసార్లు అంతటితో సరి. స్విచ్ అరిగిపోయి ఉంటే, దాని మీద బరువు పడకుండా కరెంటు కలిపే రిలే పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో నేరుగా తీగ ఇవ్వండి.

ఎర్త్, అంటే బండి రేకు మీదుగా మైనస్‌కు వెళ్లే దారి, కూడా చూడాలి. బ్యాటరీ మైనస్‌కూ రెగ్యులేటర్ డబ్బాకూ మధ్య 0.1 దాటకూడదు. బండికి కొత్తగా పెయింట్ వేయించాకే ఈ జబ్బు మొదలైందంటే నేను ముందు ఆ డబ్బాను రేకుకు బిగించిన స్క్రూ కిందే గీకుతాను.

రెండూ బాగుంటే ఇంజిన్ ఆపి, రెగ్యులేటర్ దగ్గర ఫీల్డ్ తీగ (ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంతపు చుట్టకు వెళ్లే తీగ) ఊడదీసి, కొసకు టేప్ చుట్టి, మళ్లీ స్టార్ట్ చేయండి. ఛార్జింగ్ ఆగిపోతే తప్పు రెగ్యులేటర్‌దే, ఇప్పుడు కొనండి. ఇంకా ఎక్కుతూనే ఉంటే ఫీల్డ్ తీగ అయినా, లోపలి బ్రష్షులైనా షార్ట్ అయినట్టు. ఆల్టర్నేటర్ విప్పాల్సింది అప్పుడే.

ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే మెస్త్రీలు ఇంకా ఉన్నారు. అది ఆల్టర్నేటర్‌కు ముందు బండ్లలో ఉన్న డైనమో కాలపు అలవాటు. ఆల్టర్నేటర్‌తో ఆ పని చేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు పోతాయి. ఎంత పెద్దాయనైనా సరే, చెయ్యి పట్టుకుని ఆపండి.

బాగయ్యాక బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్‌లూ కొలవండి. ఒకటి మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయడమే మేలు.