ఫుట్‌బాల్ ఆఫ్‌సీజన్‌లో ఆటగాళ్లను ఎలా సాగనంపాలి?

సీజన్ చివరి విజిల్ మోగగానే హైదరాబాద్‌లో క్లబ్బు నడిపేవాళ్లు కొత్త స్ట్రైకర్ కోసం ఏజెంట్లకు ఫోన్లు మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. వెళ్లేవాళ్ల లెక్క తేలాకే వచ్చేవాళ్లతో సంతకాలు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు రెండేళ్లు తిరక్కుండానే చెల్లాచెదురైంది. ఆటగాళ్లకు ఆట రాకపోవడం వల్ల కాదు. జీతాల బకాయిలు పేరుకుని, వాటి వెనకే కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా రిజిస్ట్రేషన్ నిషేధం వచ్చిపడింది.

1. జాబితా వేయండి

ఒకే కాగితం. పేరు, పొజిషన్, కాంట్రాక్ట్ ముగిసే తేదీ, పొడిగించే హక్కు ఎవరిది, ఏ నెల వరకు జీతం అందింది. ఆపైన మూడు గడులు: ఉంచాలి, లోన్ (కొంతకాలం వేరే క్లబ్బుకు అరువు), పంపాలి. ‘చూద్దాం’ అనే నాలుగో గడి ఉండకూడదు. ఇద్దరు గోల్‌కీపర్లను ఒకే వేసవిలో వదలకూడదు.

ఈ పని నవంబర్‌లోనే చేయాలి. మే 31తో కాంట్రాక్ట్ ముగిసే ఆటగాడితో డిసెంబర్ 1 నుంచి ఏ క్లబ్బైనా ఒప్పందం చేసుకోవచ్చు, ఆఖరి ఆరు నెలల్లో ఫిఫా నిబంధనలే ఆ వీలిస్తాయి. ఏప్రిల్‌లో కళ్లు తెరిస్తే మంచివాళ్లు అప్పటికే ఎక్కడో మాట ఇచ్చేసి ఉంటారు.

2. ముఖాముఖి చెప్పండి

కోచ్, మేనేజర్ ఇద్దరూ కూర్చుని, ఏజెంట్ కంటే ముందు ఆటగాడికే చెప్పాలి. ప్రాక్టీస్ అయ్యాక, పది నిమిషాల్లో. వాట్సాప్‌లో చెప్పడం తప్పు.

3. లోన్లు

కుర్రాళ్లకే ఇవ్వండి. గరిష్ఠంగా ఏడాది. జీతంలో ఎవరి వాటా ఎంతో, గాయమైతే ఖర్చు ఎవరిదో రాసుకుంటే చాలు.

4. సెటిల్‌మెంట్

క్లబ్బులు మునిగేది ఇక్కడే. గడువు తీరిన కాంట్రాక్ట్ అయితే ఆఖరి జీతం, బోనస్, టికెట్ ఇచ్చేస్తే సరి. గడువు మిగిలి ఉండగా ఇద్దరి అంగీకారంతో రద్దు చేసుకునేటప్పుడే నెమ్మదిగా నడవాలి.

ముందు మొత్తం తేల్చుకోండి. నెలకు 3 లక్షల చొప్పున 10 నెలలు మిగిలి ఉంటే 30 లక్షలు. కారణం లేకుండా మీరే తీసేసి, అతనికి అదే 10 నెలలకు కొత్త క్లబ్బు 2 లక్షల చొప్పున ఇస్తే, ఫిఫా పద్ధతిలో పరిహారం తేడా వరకే, అంటే 10 లక్షలు. కొత్త క్లబ్బు దొరక్కపోతే మొత్తం 30 లక్షలూ మీ మీదే. బేరం ఈ రెండు అంకెల మధ్య జరగాలి. ‘రెండు నెలల జీతం తీసుకుని వెళ్లిపో’ అనడం బేరం కాదు.

తర్వాత కాగితం. పన్ను పోనా, పన్నుతో కలిపా అన్నది రాయాలి. వాయిదాలు రెండుకు మించకూడదు, ప్రతిదానికీ తేదీ ఉండాలి. డబ్బు ఆటగాడి సొంత ఖాతాకే, ఏజెంట్ ఖాతాకు కాదు. ‘బకాయిలన్నీ అందాయి’ అని ముందే రాయించుకోవద్దు. ‘ఈ మొత్తం ఖాతాలో పడ్డాక ఎవరికీ ఎవరూ బాకీ లేరు’ అని రాయండి. మొదటి వాక్యమే రేపు తగాదా అవుతుంది. చిన్నవీ వదలొద్దు: కొండాపూర్ ఫ్లాట్ ఖాళీ చేసేటప్పుడు ఓనర్ పెయింటింగ్‌కని అడ్వాన్సులో నెల అద్దె కోస్తాడు. అది క్లబ్బుదా, ఆటగాడిదా? రాసి ఉండాలి.

జీతాలు ఆపి, ‘వాడే విసిగి పోతాడులే’ అనుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు లిఖితపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ అందకపోతే న్యాయంగానే కాంట్రాక్ట్ తెంచుకోవచ్చు. పరిహారమూ అడగవచ్చు. అమ్మితే నాలుగు డబ్బులు వచ్చే ఆటగాడు ఉచితంగా పోతాడు, పైగా మీరే ఎదురివ్వాలి. ఫిఫా తీర్పు వచ్చాక 45 రోజుల్లో కట్టకపోతే వరసగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల (ఆటగాళ్ల నమోదుకు తెరిచే గడువులు) దాకా కొత్తవాళ్లను రిజిస్టర్ చేసుకోలేరు. ఒంటరిగా ప్రాక్టీస్ చేయించి వేధించినా అతని చేతికి కారణం ఇచ్చినట్టే.

1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును కోచ్ రహీమ్ సాబ్ నడిపిన రోజులు వేరు. ఆటగాడికి డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఉండేది, జట్టు నిలిచేది. ఇప్పుడు ఆటగాణ్ణి పట్టి ఉంచేది కాంట్రాక్ట్ ఒక్కటే. ‘మనవాడే, అడగడు’ అనే ధోరణి ఇంకా పోలేదు, పోవాలి.

5. విడుదల

డబ్బు అందిన రోజే ఏఐఎఫ్‌ఎఫ్ (జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య) ఆటగాళ్ల నమోదు వ్యవస్థ సీఆర్‌ఎస్‌లో రిలీజ్ పూర్తి చేయండి. విదేశాలకు వెళ్లేవాడైతే ఐటీసీ (అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం) అభ్యర్థన రాగానే జవాబివ్వండి. కాగితాలు తొక్కిపట్టి బేరాలాడకండి. కిట్, పరుగు కొలిచే జీపీఎస్ వెస్ట్ (బనియన్) తిరిగి తీసుకుని, మెడికల్ ఫైల్ కాపీ చేతికివ్వండి: మోకాలి స్కాన్లు, ఇంజెక్షన్ల తేదీలతో సహా. కొత్త క్లబ్బు డాక్టర్ మొదట అడిగేది అదే.

ధన్యవాదాల పోస్టు ఆ తర్వాతే పెట్టండి.