సిగ్నల్స్ అసైన్‌మెంట్ దగ్గర ఆగిపోయారా? ఎక్కడ ఆగారో ముందు పట్టుకోండి

"సిగ్నల్స్ నాకు అస్సలు ఎక్కడం లేదు, కాస్త చెప్పండి" అని ఇంజనీరింగ్ విద్యార్థి ఎవరైనా అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో ఎంత బాగా చెప్పేవాళ్లకైనా తెలియదు. అదే ఇంకో విద్యార్థి "50 హెర్ట్జ్ సైన్ ఇచ్చాను, గ్రాఫ్‌లో పీక్ 52 దగ్గర వచ్చింది, ఎందుకు?" అని అడిగితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఇద్దరికీ తెలిసింది ఒకటే కావచ్చు, కానీ రెండోవాళ్లు తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించారు. సాయం దొరకడం చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఎక్కువగా ఎదురయ్యే లక్షణాలు, వాటి వెనకున్న కారణాలు ఇక్కడ రాస్తున్నాను. మీది ఇందులో ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు. లేకపోతే ఎలా అడగాలో చివర్లో ఉంది.

లక్షణం: ఎఫ్‌ఎఫ్‌టీలో పీక్ తప్పు చోట వచ్చింది, ఎత్తు కూడా కుదరడం లేదు

ఎఫ్‌ఎఫ్‌టీ అంటే సిగ్నల్‌లో ఏయే ఫ్రీక్వెన్సీలు ఎంతెంత ఉన్నాయో చూపించే లెక్క. ఈ లక్షణం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒక్క గ్రాఫ్‌లో నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి.

సెకనుకు 1000 శాంపిల్స్ చొప్పున 1024 శాంపిల్స్ తీసుకున్నారనుకుందాం. సిగ్నల్ 50 హెర్ట్జ్, ఆంప్లిట్యూడ్ 1. మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నేరుగా ప్లాట్ చేస్తే పీక్ 52 దగ్గర కనిపిస్తుంది, పైథాన్‌లో 51 దగ్గర. మొదటి కారణం: అడ్డంగా ఉన్నది హెర్ట్జ్ కాదు, బిన్ నంబర్, అంటే ఎఫ్‌ఎఫ్‌టీ ఫ్రీక్వెన్సీలను విడగొట్టే గడుల వరుస సంఖ్య. మ్యాట్‌ల్యాబ్ లెక్క 1 నుంచి, పైథాన్ లెక్క 0 నుంచి మొదలవుతుంది, అందుకే ఆ ఒక్కటి తేడా. 0 నుంచి లెక్కపెట్టిన బిన్ నంబర్‌ని 1000/1024తో, అంటే 0.9766తో గుణించండి. 51వ బిన్ 49.8 హెర్ట్జ్ అవుతుంది.

మరి సరిగ్గా 50 ఎందుకు రాలేదు? 50ని 0.9766తో భాగిస్తే 51.2 వస్తుంది. ఆ స్థానంలో బిన్ లేదు. దాంతో శక్తి పక్క బిన్లలోకి కారుతుంది, దీన్నే లీకేజ్ అంటాం. ఎత్తు తగ్గడానికీ ఇదే కారణం. శాంపిల్స్ సంఖ్యలో సగంతో, అంటే 512తో భాగించాక 1 రావాల్సింది దాదాపు 0.94 వస్తుంది. ఇప్పుడు 1024 బదులు 1000 శాంపిల్స్ తీసుకుని చూడండి. సరిగ్గా 50 సైకిళ్లు పడతాయి, పీక్ 50 మీదే నిలబడుతుంది, ఎత్తు 1 వస్తుంది. ఈ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే లీకేజ్ ఇక మర్చిపోరు.

950 హెర్ట్జ్ దగ్గర కనిపించే రెండో పీక్ తప్పు కాదు. రియల్ సిగ్నల్ కాబట్టి అది అద్దంలో ప్రతిబింబం. సగం వరకు మాత్రమే గీయండి.

రెండు దగ్గరి ఫ్రీక్వెన్సీలు విడిపోవడం లేదని చివర సున్నాలు చేర్చేవాళ్లు చాలామంది. సున్నాలతో వంపు నునుపు అవుతుందే తప్ప కొత్త సమాచారం రాదు. 50, 50.3 హెర్ట్జ్ విడివిడిగా కనిపించాలంటే సుమారు మూడున్నర సెకన్ల అసలు రికార్డింగ్ కావాలి. ఇక 700 హెర్ట్జ్ ఇస్తే 300 దగ్గర పీక్ వచ్చిందంటే అది ఏలియాసింగ్, అంటే శాంపిలింగ్ రేటులో సగం దాటిన ఫ్రీక్వెన్సీ తక్కువ ఫ్రీక్వెన్సీలా కనిపించడం. శాంపిల్ చేసేశాక ఏ ఫిల్టరూ దాన్ని సరిచేయలేదు. శాంపిలింగ్ రేటు పెంచాలి, లేదా శాంపిల్ చేయకముందే ఆ ఫ్రీక్వెన్సీని వడకట్టాలి.

లక్షణం: కోడ్ ఎర్రర్ ఇవ్వదు, జవాబు మాత్రం అడ్డదిడ్డం

ముందు యూనిట్లు చూడండి. మ్యాట్‌ల్యాబ్‌లో సైన్ ఫంక్షన్‌కి 30 ఇస్తే 0.5 రాదు, మైనస్ 0.988 వస్తుంది. అది రేడియన్లు అడుగుతోంది, మీరు డిగ్రీలు ఇచ్చారు. తర్వాత ఫిల్టర్ కటాఫ్, అంటే ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కోయాలో ఆ అంకె. శాంపిలింగ్ రేటు 8000, కటాఫ్ 1000 కావాలంటే 0.25 ఇవ్వాలి, ఎందుకంటే భాగించాల్సింది శాంపిలింగ్ రేటులో సగంతో. మొత్తం రేటుతో భాగించి 0.125 ఇస్తే ఫిల్టర్ 500 హెర్ట్జ్ దగ్గరే కోసేస్తుంది, ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. రోజంతా టెన్షన్ పెట్టే తప్పులు చాలావరకు ఇలాంటివే.

లక్షణం: సర్క్యూట్ జవాబులో అంకె సరే, గుర్తు తప్పు

మధ్యలో కరెంట్ దిశ మారిపోయింది. బొమ్మ మీద బాణాలు, ప్లస్ మైనస్‌లు గీయకుండా ఈక్వేషన్ మొదలుపెట్టకండి. చివర్లో పవర్ కూడండి: 12 వోల్టుల సోర్స్‌కి 2, 4 ఓమ్‌లు సిరీస్‌లో ఉంటే కరెంట్ 2 ఆంపియర్లు, సోర్స్ ఇచ్చేది 24 వాట్లు, రెసిస్టర్లు తీసుకునేది 8, 16. లెక్క సరిపోయింది. సరిపోలేదంటే జవాబు ఎవరికీ చూపించక ముందే తప్పు ఉందని మీకే తెలిసిపోతుంది.

లక్షణం: ల్యాబ్‌లో రీడింగ్ రెట్టింపు, లేదా పది రెట్లు తేడా

సిగ్నల్ జనరేటర్‌లో 1 వోల్ట్ పెడితే ఆసిలోస్కోప్‌లో (స్కోప్‌లో) 2 వోల్టులు కనిపిస్తే జనరేటర్ 50 ఓమ్‌ల లోడ్ ఉందనుకుని అంకె చూపిస్తోంది. స్కోప్ ఇన్‌పుట్ మామూలుగా 1 మెగా ఓమ్. అవుట్‌పుట్ లోడ్ సెట్టింగ్‌ని హై ఇంపిడెన్స్‌కి మార్చండి. పది రెట్లు తేడా అయితే ప్రోబ్ మీది స్విచ్, స్కోప్‌లోని ప్రోబ్ సెట్టింగ్ ఒకటిగా లేవు. ఇలాంటివి ల్యాబ్ అసిస్టెంట్‌ని అడగడమే మేలు, చూసిన వెంటనే చెప్పేస్తారు.

లక్షణం: సాల్వ్ చేసింది చూస్తే అర్థమవుతుంది, తెల్ల కాగితం మీద ఒక్క లైనూ రాదు

కారణం ఈ సబ్జెక్ట్ కాకపోవచ్చు. కాంప్లెక్స్ నంబర్లు, పార్షియల్ ఫ్రాక్షన్లు తడబడుతుంటే సిగ్నల్స్‌లో వచ్చే జెడ్ ట్రాన్స్‌ఫామ్ అనే లెక్క కొండలా కనిపిస్తుంది. రెండు రోజులు వాటికే ఇవ్వండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మంచి ట్యూటర్ దొరికితే ఒక్క షరతు పెట్టండి: పెన్ను మీ చేతిలో ఉండాలి. వాళ్లు రాస్తుంటే మీరు తలూపిన గంట కంటే, మీరు తప్పు రాస్తుంటే వాళ్లు ఆపిన పావుగంట విలువైనది.

చాట్‌బాట్‌ని అడిగినా ఇదే జాగ్రత్త. ధీమాగా తప్పు చెప్పగలదు కాబట్టి అంచులు పరీక్షించండి. ఆర్‌సీ లోపాస్ ఫిల్టర్ (రెసిస్టర్, కెపాసిటర్‌తో చేసిన, తక్కువ ఫ్రీక్వెన్సీలనే దాటనిచ్చే ఫిల్టర్) అయితే సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ 1, కటాఫ్ దగ్గర 0.707, ఇంకా పైకి పోయేకొద్దీ సున్నా వైపు. ఇవి రాకపోతే ఆ ఫార్ములా పక్కన పడేయండి.

లక్షణం: అడిగాను, ఎవరూ జవాబివ్వడం లేదు

ప్రశ్నలో జవాబివ్వడానికి కావాల్సిన సమాచారం లేదు. "ఫిల్టర్ పని చేయడం లేదు, అర్జెంట్, ప్లీజ్" బదులు ఇలా రాసి చూడండి: "శాంపిలింగ్ రేటు 8000. కటాఫ్ 1000 కావాలి. 800 హెర్ట్జ్ టోన్ పంపితే దాటాలి, కానీ దాదాపు పోతోంది. 300 హెర్ట్జ్ బాగానే దాటుతోంది. కోడ్ ఎనిమిది లైన్లకు కుదించాను, కింద ఉంది. కటాఫ్ నార్మలైజ్ చేసిన మూడో లైన్ మీద అనుమానం." ఇలా రాస్తుండగానే సగం మందికి జవాబు దొరికిపోతుంది. సర్క్యూట్ అయితే నోడ్‌లకు పేర్లు పెట్టి బొమ్మ కొత్తగా గీసి పంపండి, నీడ పడిన నోట్స్ ఫొటో వద్దు.

డబ్బు తీసుకుని అసైన్‌మెంట్ మొత్తం చేసిపెడతామనే వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. కాలేజీ నియమాలు ఒప్పుకోవు, వైవాలో "ఈ లైన్ ఎందుకు?" అన్న మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. డెడ్‌లైన్ దాటేలా ఉంటే ఎంతవరకు వచ్చిందో, ఏ లైన్ దగ్గర ఆగారో రాసి మీ లెక్చరర్‌కి ముందురోజే పంపండి. చాలామంది ఆ లైన్ దగ్గర్నుంచే సూచన ఇస్తారు, కొందరు గడువు కూడా ఇస్తారు.